యంత్రముల పొత్తు

ఘనపురం ఆనకట్ట క్రింది రైతులతో ఒక సాయంకాలము మెదకు పట్టణమునుండి మేము ప్రత్యక్ష ప్రసారము జరిపితిమి. మంజీరలో నీరు తక్కువగా ఉన్న సంవత్సరమది. ఎగువనున్న సింగూరు జలాశయమునుండి నీరు ఎప్పుడు విడుతురు, ఎన్ని తడులకు విడుతురు అను రెండు ప్రశ్నలకు జవాబు వినవలెనని ఆయకట్టు గ్రామములన్నియు చెవులు అప్పగించి కూర్చున్నవి. అధికారి ఒకరు మైకు ముందునకు వచ్చి, "మొదటి తడికి నీరు..." అని తేదీ చెప్పబోవు సమయమునకు ధ్వని తెగిపోయినది. ఒక క్షణము తరువాత "...తారీఖు దాకా" అని వినబడి, మరల తెగినది. ప్రసారము ముగియువరకు అట్లే ముక్కలు ముక్కలుగా సాగినది. మరునాడు ప్రొద్దున ముగ్గురు రైతులు మా బస వెదకికొని వచ్చి, "గా తారీఖు ఏందో జర చెప్పుండ్రి సారూ, నారు పొయ్యాల్నా వద్దా?" అని అడిగిరి. మేము అధికారికి టెలిఫోను చేసి, తేదీ కనుగొని వారికి చెప్పితిమి. ఆ ముగ్గురికి చెప్పగలిగితిమి గాని, విన్నవారందరు మా బసకు రాలేరు గదా.

అదే దినము ఉదయము చేసిన రిహార్సలులో లోపమేమియు కనబడలేదు. మెదకునుండి హైదరాబాదు స్టూడియోకు ధ్వనిని చేరవేయుటకు అద్దెకు తీసికొన్న లైను ఈథర్‌నెట్ లైను. దాని చివర లైను ఇచ్చినవారి పెట్టె ఒకటి, దానికి తగిలించిన మా పెట్టె ఒకటి. రెండును వేర్వేరు కర్మాగారములలో తయారైనవి. ఉదయము ధ్వని మాత్రమే పంపితిమి. సాయంకాలము ఆ లైనుమీదనే చిత్రములు, వీడియో కూడ పంపుట మొదలైనది. రద్దీ పెరిగిన వెంటనే గొడవ ఆరంభమైనది. మా ఇంజనీరు మరునాడు రెండు గంటలు కూర్చుండి కారణము పట్టుకొనెను. అది వినిన తరువాతనే ఈ విషయమును గూర్చి చెప్పవలెనని నాకు తోచినది. ఎందుకనగా, రెండు పెట్టెలలో ఏ ఒక్కదానియందును దోషము లేదు.

ఈథర్‌నెట్ తీగపై రెండు యంత్రములు మాటలాడుకొనుటకు రెండు పద్ధతులు కలవు. ఒకరు చెప్పునప్పుడు రెండవవారు ఊరకుండుట ఒక పద్ధతి. ఒంటిబండి మాత్రమే పట్టు వంతెన వంటిది. దీనిని హాఫ్ డూప్లెక్సు అందురు. ఇద్దరును ఏకకాలమున చెప్పుచు, వినుచు ఉండుట రెండవది. పోవు బండ్లకు ఒక ప్రక్క, వచ్చు బండ్లకు ఒక ప్రక్క విడిచిన రోడ్డు వంటిది. ఇది ఫుల్ డూప్లెక్సు. తీగ తగిలించినంతనే రెండు యంత్రములు తమలో తాము సంప్రదించుకొని పద్ధతిని నిర్ణయించుకొనుటకు 1995లో ఒక నియమావళి ఏర్పడినది. లైను ఇచ్చినవారు తమ పెట్టెను 100 మెగాబిట్ల ఫుల్ డూప్లెక్సునకు స్థిరముగా బిగించి, సంప్రదింపును ఆపివేసిరి. అట్లు చేయుటకు నియమావళిలో అవకాశమున్నది. మా పెట్టె సంప్రదింపునకు పిలిచినది, బదులు రాలేదు. బదులు రానప్పుడు తీగపై కనబడు సంకేతమును బట్టి వేగమును మాత్రము గ్రహించి, పద్ధతి విషయమున హాఫ్ డూప్లెక్సునకు దిగవలెనని నియమము. మా పెట్టె అక్షరాల అట్లే చేసినది. అంతటితో అవతలి పెట్టె ఇది రెండు దారుల రోడ్డు అనుకొని ఆగక బండ్లు తోలుచున్నది. ఇవతలి పెట్టె ఇది ఒంటి వంతెన అనుకొని, ఎదురుబండి కనబడినప్పుడెల్ల తన బండిని సగము దారినుండి వెనుకకు లాగుకొనుచున్నది. రాకపోకలు పలుచగా ఉన్నంతసేపు ఎదురుపడుట అరుదు గనుక అంతయు బాగుగా కనబడును. రద్దీ అయినప్పుడు సగము బండ్లు బోల్తాపడును. మా అధికారి చెప్పిన తేదీ ఆ బోల్తాపడిన బండిలో ఉన్నది.

రెండు యంత్రములును నియమానుసారమే నడచుకొన్నవి. విడివిడిగా పరీక్షించిన ఏ పరీక్షకుడైనను రెంటికిని యోగ్యతాపత్రము వ్రాసి ఇచ్చును. రెంటిని ఒకచోట చేర్చి, నిండు రద్దీతో నడిపినప్పుడు గాని లోపము బయటపడదు. వేర్వేరు తయారీదారుల యంత్రములు ఒకదానితో ఒకటి కలసి పనిచేయుటను ఇంజనీర్లు ఇంటర్‌ఆపరబిలిటీ అని వ్యవహరింతురు. మన వ్యవసాయదారుల భాషలో చెప్పవలెనన్న, పొత్తు కుదురుట. దానికై ప్రత్యేకముగా పరీక్షలు జరుపుట నేడు ఒక పెద్ద విద్యయై కూర్చున్నది.

ఈథర్‌నెట్ పుట్టినది ఊరూరికి నడుచుటకు కాదు. 1973 మేనెలలో, అమెరికాలోని పాలో ఆల్టోలో, జిరాక్సు కంపెనీ పరిశోధనాలయమున పనిచేయుచున్న రాబర్ట్ మెట్కాఫ్ అను యువకుడు ఒకే భవనములోని కంప్యూటర్లను కలుపుటకు ఒక ఉపాయము వ్రాసిపెట్టెను. డేవిడ్ బాగ్స్ అను సహచరునితో కలసి దానిని నిర్మించెను. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్సు అను మూడు కంపెనీలు కలసి దాని లక్షణములను ప్రకటించినవి. 1983లో అది 802.3 అను సంఖ్యతో అమెరికా విద్యుదింజనీర్ల సంఘమువారి ప్రమాణమైనది. నా దృష్టిలో ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టము 1973 కాదు, 1980. పోటీదారులు కాదగిన మూడు సంస్థలు ఒకే నియమావళి క్రింద సంతకము చేయుటవలన, అటుపిమ్మట ఎవరు తయారుచేసినను ఆ పెట్టెకు ఈ పెట్టె తగులునను ఆశ ప్రపంచమున పుట్టినది. ధర పడిపోయినది, వాడుక పెరిగినది.

భవనములో ఒక యజమాని, ఒక ఇంజనీరు, చాలవరకు ఒకే కంపెనీ సరుకు. తీగ తెగినచో మరల కట్టుకొనువరకు అందరును తేనీరు త్రాగుచు కూర్చుందురు. అదే ఈథర్‌నెట్ ఊరు దాటి, జిల్లా దాటి, టెలిఫోను కంపెనీ అద్దెకిచ్చు సేవగా మారినప్పుడు దానికి క్రొత్త బాధ్యతలు వచ్చిపడినవి. వేలకొలది ఖాతాదారుల సరకును ఒకే తీగపై కలియకుండ నడుపవలెను. తీగ తెగినచో కనురెప్పపాటులో వేరొక దారి పట్టింపవలెను. ఎక్కడ తెగినదో దూరమునుండియే కనుగొనవలెను. ఇంత వేగము ఇచ్చెదమని ఒప్పుకొన్నచో అంత ఇచ్చినట్లు లెక్క చూపవలెను. ఈ బాధ్యతలను మోయగలిగిన ఈథర్‌నెట్‌నే క్యారియర్ ఈథర్‌నెట్ అందురు. దాని సేవలను నిర్వచించుటకు 2001లో మెట్రో ఈథర్‌నెట్ ఫోరమ్ అను సంస్థ ఏర్పడినది.

ఒక్క కంపెనీ సరుకే ఆసాంతము కొన్నచో ఈ పొత్తు గొడవయే ఉండదు గదా అని మీరు అడుగవచ్చును. నిజమే. కాని ప్రభుత్వము టెండరు పిలిచి కొనును. ఈ సంవత్సరము ఒకరు, మూడేండ్లకు వేరొకరు తక్కువ ధరకు ముందునకు వత్తురు. మొదటి యంత్రము మరొకరి యంత్రముతో కలియదన్న సంగతి తెలిసినచో, ఆ మొదటివారు మరునాటినుండి తాము చెప్పినదే ధర అందురు. ఒకే వ్యాపారివద్ద విత్తనము, ఎరువు, అప్పు మూడును తీసికొన్న రైతు పంట ఏ ధరకు అమ్ముకొనునో మెదకు సంతలో ఎవరిని అడిగినను చెప్పుదురు.

వ్రాతలో నియమములున్నప్పుడు పొత్తు తనంతట ఎందుకు కుదరదు? ప్రమాణగ్రంథములను చదివినవారికి తెలియును; అందు ప్రతి వాక్యమును "చేయవలెను" అని ఉండదు. కొన్నిచోట్ల "చేయుట మంచిది" అని, కొన్నిచోట్ల "చేసిన చేయవచ్చును" అని ఉండును. సభలో పట్టుదలలు కలిసిరానప్పుడు ఈ రెండవ, మూడవ మాటలతో రాజీపడుదురు. పిదప ప్రతి కర్మాగారమును ఆ సందులలో తన ఇష్టము వచ్చినట్లు నడచును. అదిగాక, ప్రమాణము వెలువడకముందే సరుకు అమ్మవలసిన తొందర కూడ కలదు.

ఆ తొందరకు ఒక ఉదాహరణము చెప్పెదను. ఒక ఖాతాదారుని ఫ్రేమును మరొకరిదానితో కలియకుండునట్లు దానికి ఒక చీటీ అంటింతురు. 1998 నాటి ప్రమాణము ప్రకారము ఆ చీటీలో సంఖ్యకు 12 బిట్లు మాత్రమే చోటు కలదు. అనగా వాడుకొనదగిన సంఖ్యలు 4,094. ఒక కార్యాలయమునకు ఇది సముద్రము. టెలిఫోను కంపెనీకి ఇది చెంబెడు. కనుక ఖాతాదారుని చీటీపై కంపెనీవారు తమ చీటీ మరియొకటి అంటించు పద్ధతి వచ్చినది. ఈ రెండవ చీటీని గుర్తించుటకు 88ఏ8 అను గుర్తు పెట్టవలెనని ప్రమాణము తేల్చునప్పటికి 2005వ సంవత్సరము ముగియవచ్చినది. అప్పటికే కొందరు తయారీదారులు పాత గుర్తయిన 8100నే పైచీటీకి కూడ వాడుచుండిరి. మరికొందరు 9100 అను గుర్తు పెట్టుకొనిరి. ఒకరి స్విచ్చి అంటించిన చీటీని మరొకరి స్విచ్చి చీటీగానే గుర్తింపక, ఫ్రేమును పారవేయుట గాని, తెలియని దారిన పంపుట గాని జరిగెను. పోస్టాఫీసులో ఒకరు వేసిన ముద్ర మరొకరికి ముద్రగా కనబడకపోయినట్లు.

ఈ చీటీతోనే మరొక చిత్రము కలదు. ఒక్కొక్క చీటీకి 4 బైట్లు. నిండు ఫ్రేము 1,518 బైట్లు; ఒక చీటీతో 1,522; రెండింటితో 1,526. ఎక్కడనో ఒక స్విచ్చి 1,522 దాటినవానిని లోనికి రానీయదనుకొనుడు. చిన్న ఫ్రేములన్నియు సుఖముగా పోవును. లైను బాగున్నదని సాంకేతికుడు సంతకము పెట్టి వెళ్లిపోవును. ఉత్తరములు చేరును, పుస్తకములు చేరవు. ఎందుకు చేరవో ఎవరికిని బోధపడదు.

ఇక లెక్క సంగతి. లైనుపై ప్రతి ఫ్రేమునకు ముందు వెనుకల 20 బైట్ల ఖాళీస్థలము, ముందు హెచ్చరిక ఉండును. 10 మెగాబిట్ల వేగము అమ్మినవారు ఆ 20 బైట్లను కూడ లెక్కలో వేసికొనవలెనా, వద్దా? ఫోరమ్‌వారి నిర్వచనమున వేసికొనరాదు. అయినను వేసికొను యంత్రములు కలవు. నిండు ఫ్రేములైనచో తేడా నూటికి ఒకటిన్నరకు లోపే. కాని 64 బైట్ల చిన్న ఫ్రేములు పంపువానికి, 64 వచ్చుచోట 84 వ్రాసికొన్నట్లగును. కుంచమును గోపురము పోసి కొలుచుటకు, అంచుకు చదునుచేసి కొలుచుటకు గల తగాదాయే ఇది. ధాన్యముతో అది మన కన్నులయెదుట జరుగును గనుక పోట్లాడుదుము, ఇక్కడ కనబడదు.

పొత్తును పరీక్షించు ప్రయోగశాలలు ప్రపంచమున కొన్ని కలవు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయమువారు 1988లో ఒకటి ప్రారంభించిరి. అందు విద్యార్థులే పరీక్షకులుగా శిక్షణ పొందుదురు. ఐరోపాలో బెర్లిను నగరమున 1991లో స్థాపింపబడిన ఈ.ఏ.ఎన్.టి.సి. అను సంస్థ క్యారియర్ ఈథర్‌నెట్ పొత్తు పరీక్షలకు పేరుపొందినది. అంతర్జాతీయ సమావేశములకు కొన్ని వారములు ముందుగా తయారీదారులందరిని తమ పెట్టెలతోను, ఇంజనీర్లతోను రప్పించి, ఒకే హాలులో తీగలతో ముడివేయుదురు. విపణిలో ఒకరిపై ఒకరు కత్తులు నూరుకొను కంపెనీల కుర్రవాండ్రు అక్కడ ప్రక్కప్రక్క బల్లలపై కూర్చుండి, ఒకరి తెరను ఒకరు చూచుకొనుచు, తప్పు ఎవరిదో తేల్చుకొందురు.

పదిమంది తయారీదారులు వచ్చినచో జంటలు 45 అగును. ప్రతి జంటతోను చీటీ పరీక్ష, వేగపు పరీక్ష, తీగ తెగు పరీక్ష, గడియారపు పరీక్ష. ఒక్కొక్కటి మరల రెండు దిక్కుల. అందుచేత ముందుగా గోడపై ఒక పట్టిక వ్రేలాడదీయుదురు. నిలువునను, అడ్డమునను పేర్లు, నడుమ గడులు. ఆ గడులు నిండుటయే ఉత్సవము.

అన్నింటికంటె చూడముచ్చటయైనది తీగ తెగు పరీక్ష. నాలుగైదు కంపెనీల స్విచ్చిలను వలయముగా కలుపుదురు. ఈథర్‌నెట్ ఫ్రేముపై ఇన్ని మజిలీలు నడచితినను లెక్క ఉండదు. కనుక వలయము పూర్తిగా మూసినచో, అందరికిని ఉద్దేశించిన ఫ్రేములు గానుగయెద్దువలె ఆగక తిరుగుచు, ఒకదానిపై ఒకటి పోగుపడి, తీగలన్నిటిని నింపివేయును. దీనికై ఒకచోట ఒక లంకెను కావలెననియే మూసి ఉంచుదురు. వేరొకచోట తీగ తెగినంతనే ఆ మూసిన లంకె తెరచుకొనవలెను. వార్త వలయమంతయు ప్రాకవలెను. ప్రతి స్విచ్చియు తాను నేర్చిన పాత దారులను మరచి క్రొత్తవి నేర్వవలెను. 2008లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారు జి.8032 అను ప్రమాణమున దీని క్రమమును నిర్ణయించిరి. గడువు 50 మిల్లీసెకనులు, అనగా సెకనులో ఇరువదవ వంతు.

పరీక్షకుడు సెకనుకు 1,000 ఫ్రేముల చొప్పున పంపుచు, చేతితో తీగను ఊడబెరుకును. అవతల ఎన్ని ఫ్రేములు చేరలేదో లెక్కించును. 50 పోయినచో 50 మిల్లీసెకనులు. 30 పోయినచో 30. గడియారమే అక్కరలేదు. ఒకే కంపెనీ స్విచ్చిలతో ఈ పరీక్ష సాధారణముగా నెగ్గును. వేర్వేరు కంపెనీలవి కలిపినప్పుడు మొదటి దినమున సెకనులు, ఒక్కొక్కప్పుడు నిమిషములు పట్టవచ్చును. ఒకరు ప్రమాణపు మొదటి కూర్పును, మరొకరు రెండవ కూర్పును అనుసరించియుందురు. మరల తీగ తగిలించినప్పుడు పాత స్థితికి వచ్చుటకు మునుపు ఎంతసేపు ఆగవలెనన్నది వేరొక తగాదా. అందరికంటె హెచ్చు ఓపిక ఈ తీగ పెరుకువానికి ఉండవలెను. ఒకే తీగను ఒక దినమున వంద పర్యాయములు ఊడబెరికి, వంద పర్యాయములు తగిలించి, ప్రతిసారియు సంఖ్య వ్రాసికొనుట పాండిత్యముకంటె కష్టము.

తీగ తెగినదని స్విచ్చికి ఎట్లు తెలియును? ఆ చివరనున్నది ఈ చివరకు "ఉన్నాను, ఉన్నాను" అను కబురు క్రమము తప్పక పంపుచుండును. కబురు కబురుకు నడుమ కాలము 3.33 మిల్లీసెకనులనుండి 10 నిమిషములవరకు ఏడు మెట్లలో పెట్టుకొనవచ్చును. మూడున్నర వాయిదాల కాలము కబురు రానిచో ప్రమాదము జరిగినట్లు. ఇంతవరకు అందరికి సమ్మతమే. కాని ఈ కబురు పంపువాని పేరు వ్రాయు విధమున రెండు సంప్రదాయములు ఏర్పడినవి. 2006లో అంతర్జాతీయ సంఘమువారు 13 అక్షరములలోపు ఒకే పేరు చాలుననిరి. 2007లో అమెరికా ఇంజనీర్ల సంఘమువారు ఇంటిపేరు, వ్యక్తిపేరు రెండును ఉండదగిన విధమున వ్రాసిరి. ఒకదానిని ఎరిగిన యంత్రమునకు రెండవ విధమున పేరు వచ్చినచో, తీగ నిక్షేపముగా ఉన్నను, "ఎవరో పరాయివాడు చొరబడినాడు" అని గంట కొట్టును. అర్ధరాత్రివేళ ఈ గంట విని ఏ కాపలా ఇంజనీరో జీపు కట్టించుకొని పోవును. పోయి చూచినచో తీగ తీగవలెనే ఉండును.

ఈ పరీక్షల ఫలితములు ప్రకటించు పద్ధతిపై నాకు కొంత అసంతృప్తి కలదు. సాధారణముగా నెగ్గిన జంటల పేర్లే అచ్చుపడును. కుదరని జంటల సంగతి పేర్లు లేక, "కొన్ని సందర్భములలో" అని సాగిపోవును. దీనికి కారణము లేకపోలేదు. ఓడిన పేర్లు అచ్చువేసినచో మరుసటి సంవత్సరము ఏ కంపెనీయు తన పెట్టెను హాలునకు తీసికొనిరాదు. అక్కడ దొరికిన తప్పులను వారు ఆ రాత్రియే కూర్చుండి సవరించుకొనుట మనకు లాభమే. కాని కొనువాడు ఆ పట్టికను చదువునప్పుడు, నిండిన గడులకంటె ఖాళీ గడులను ఎక్కువ శ్రద్ధతో చూడవలెను. పేరు లేని గడి ఓటమియో, అసలు ప్రయత్నమే జరగలేదో అడిగి తెలిసికొను హక్కు వానికి కలదు.

ఈ సంగతి బెర్లినుకే చెందినదని అనుకొనరాదు. గ్రామపంచాయతీలన్నిటికిని గాజుతీగ వేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించినది. దాని ప్రయోగమునకు ఎన్నుకొన్న మూడు మండలములలో అప్పటి విశాఖపట్టణము జిల్లాలోని పరవాడ ఒకటి. తక్కిన రెండు రాజస్థానులోని అరాయిన్, త్రిపురలోని పానిసాగర్. ఆ పథకమే తరువాత భారత్‌నెట్ అయినది. మొదట అందు మండలకేంద్రమునుండి పంచాయతీకి ఒంటి తీగ. చెట్టుకొమ్మవలె చీలుచు పోవును. రోడ్డు వెడల్పు చేయు యంత్రము ఒక్కచోట కోసినచో ఆ కొమ్మ ఎండిపోయినట్లే. 2023 ఆగస్టులో ఆమోదింపబడిన సవరణ పథకమున పంచాయతీలను వలయముగా కలుపవలెనని నిర్ణయించిరి. అనగా ఒకవైపు తెగినను రెండవవైపునుండి నడుచును. ఇది మంచి నిర్ణయము. అయితే, వలయము వేసినంతమాత్రమున వలయమగునా? అందులోని పెట్టెలు పది యేండ్లలో పలువురివద్ద కొన్నవైయుండును. తెగినప్పుడు ఎంతసేపటిలో తిరుగుదారి పట్టినవో ఎవరైనను తీగ పెరికి లెక్కించి చూడవలెను. మన దేశమున టెలికమ్యూనికేషన్ పరికరముల లక్షణములను నిర్ణయించు బాధ్యత కేంద్ర టెలికం శాఖ క్రిందనున్న టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ కేంద్రముది. అయితే ఒక్కొక్క పెట్టెకు యోగ్యతాపత్రము ఇచ్చుట వేరు. రెండు పెట్టెలు కలసినప్పుడు ఏమగునో చూచుట వేరు. ఈ రెండవదియే మా మెదకు ప్రసారమున తప్పిపోయినది.

ఈ పరీక్షను ప్రాణములతో ముడివేసి చేసిన సంగతి ఒకటి మన తెలంగాణములోనే ఉన్నది. అది ఈథర్‌నెట్ కాదు, రైలు. కాని చిక్కు అదే. రైళ్లు ఢీకొనకుండ ఆపు కవచ్ అను ఏర్పాటునకు మన రైల్వేల పరిశోధన సంస్థ లక్షణములు వ్రాసినది. తయారుచేయుటకు 2018-19లో అనుమతి పొందిన మూడు కంపెనీలు, మేధా, హెచ్.బి.ఎల్., కెర్నెక్స్, మూడును హైదరాబాదువే. పట్టాల నడుమ స్లీపర్లపై చీటీలవంటి పరికరములు, స్టేషనులో ఒక యంత్రము, ఇంజనులో ఒకటి, నడుమ రేడియో. ఇంజను ఒక చోట నిలుచునది కాదు గదా. ఒకరి యంత్రము మోసికొని బయలుదేరిన ఇంజను మరొకరి యంత్రమున్న స్టేషనులో ప్రవేశించును. అక్కడ "ఆగుము" అన్న మాట అర్థము కాకపోయినచో, మరునాడు పత్రికలో చదువవలసినదే. అందుచేతనే ముగ్గురికిని ఒకే సందేశరూపమును లక్షణగ్రంథమున నిర్ణయించి, 2016 ఫిబ్రవరి మొదలుగా ప్రయాణికుల రైళ్లపై పరీక్షలు జరిపిరి. 2022 మార్చి 4వ తేదీన గుల్లగూడ, చిట్గిద్ద స్టేషనుల మధ్య రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపించిరి. బ్రేకు వాటంతట అవియే పడి, నడుమ 380 మీటర్లు మిగిలి ఉండగా ఇంజను ఆగినది.

దక్షిణ మధ్య రైల్వేలో ఈ కవచ్ వేసిన మార్గములలో నిజామాబాదు మీదుగా సికింద్రాబాదు వచ్చునది ఒకటి. ఆ మార్గముననే అక్కన్నపేట ఉన్నది. అక్కడినుండి చీలిన 17 కిలోమీటర్ల కొమ్మపైనే 2022 సెప్టెంబరు 23న మెదకు పట్టణమునకు మొదటి రైలు వచ్చినది. ఈ ప్రాంతపు పెద్దలకు అక్కన్నపేట మీదుగా పోయిన పాత మీటరు గేజి బండి జ్ఞాపకమే. వాడివైపునుండి సికింద్రాబాదు వచ్చు పెద్ద పట్టాల బండికిని, దీనికిని పొసగక, సరకును ఒకదానినుండి దింపి మరొకదానికి ఎక్కింపవలసియుండెను. ఆ పొత్తు లేకపోవుట బస్తా మోయు హమాలీ భుజమునకు కూడ తెలిసెడిది. పెట్టెల మధ్య పొత్తు లేకపోవుట అట్లు తెలియదు.

మరుసటి సంవత్సరము అదే ఆయకట్టు రైతులతో ప్రసారమునకు మా ఇంజనీరు ఒక దినము ముందుగా మెదకు చేరెను. లైనువారి పెట్టెను, మా పెట్టెను తగిలించి, రెంటిని ఒకే పద్ధతికి బిగించి, లైను నిండునట్లు 1,518 బైట్ల ఉత్త ఫ్రేములను రెండు వైపులనుండి రాత్రంతయు పంపెను. మొదటి గంటలో పోయినవి 412. తగులువద్ద ఒక తీగ వదులుగా ఉన్నదని తేలి, దానిని మార్చెను. తెల్లవారి నేను వెళ్లునప్పటికి ఆయన నిద్రపోవుచుండెను. పెట్టెపై ఒక కాగితము అంటించి ఉన్నది: రాత్రి 1 గంటనుండి 6 గంటలవరకు, పోయినవి 0. ఆ సాయంకాలము అధికారి తేదీ చెప్పినారు. ఆయకట్టు చివరి గ్రామములో కూడ వినబడినది.